మాస్టారి తాడు

నేను జీవితం మొత్తంలో వాలీబాల్ ఆడింది పదిహేను నిమిషాలు. అందులో పది నిమిషాలు కాలవగట్టున బంతి వెతకడానికే సరిపోయాయి. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆటల పీరియడు వస్తే వేపచెట్టు కింద కూర్చోవడమే నా ఆట. అలాంటి నాకు మా డ్రిల్లు మాస్టారి సంస్మరణ పోటీ పెత్తనం అప్పగించారంటే కారణం ఒక్కటే: నేను లెక్కలు రాస్తాను. ఆ విద్య కూడా ఆయన పెట్టిన భిక్షే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు కాసేపు ఆగి పోయే చిన్న ఊరు మాది. మాస్టారు మద్రాసు వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదువుకుని 1971లో మా హైస్కూలుకు వచ్చారు. 1920లో హ్యారీ బక్ అనే అమెరికన్ ఆ కళాశాల పెట్టాడు. ఆయన గురించి మాస్టారు సొంత మేనమామ సంగతి చెప్పినట్టు చెప్పేవారు. 2003లో రిటైరయ్యారు గానీ ఊరు వదల్లేదు, గ్రౌండూ వదల్లేదు. 2023 జనవరి 18న ఉప్పల్‌లో న్యూజిలాండ్ మీద శుభ్‌మన్ గిల్ 208 కొట్టిన మ్యాచి చివరి ఓవరు దాకా చూశారు. పన్నెండు పరుగులతో మనవాళ్లు గట్టెక్కాక టీవీ కట్టేసి పడుకున్నారు. తెల్లవారి లేవలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు. చావు కబురు విని మొదట ఫోన్ చేసిన మా జట్టులో స్మాషుకు బంతి ఎత్తి అందించే లిఫ్టరు ఏడుస్తూనే, "ఫలితం తెలిశాకే వెళ్లారురా" అన్నాడు. ఆయన్ని ఎరిగిన వాళ్లకు అది చిన్న ఊరట కాదు.

మర్నాటి నుంచే ఏం చెయ్యాలన్న చర్చ మొదలైంది. మా వైపు మనిషి పోతే ముందు విగ్రహం గుర్తుకొస్తుంది. బడి గేటు దగ్గర నిలువెత్తు విగ్రహం, మెడలో విజిల్ అని ఒకడు బొమ్మ కూడా గీయించాడు. నాకు నచ్చలేదు. నిలబడి ఉండటం అంటేనే ఆయనకు కోపం. "మునికాళ్ల మీద ఉండరా, బంతి నీ కోసం ఆగదు" అని అరిచే మనిషిని సిమెంటులో పోసి ఎండలో నిలబెడతారా? అరిచాను. అరిచినవాడి మీదే పని పడుతుందన్న సంగతి యాభై ఏళ్లు వచ్చినా నేర్చుకోలేదు. ఏడాది నిండే వేళకు, అందరూ పండక్కి వచ్చినప్పుడు, 2024 కనుమ నాడు వాలీబాల్ పోటీ పెట్టాలని తేలింది. కనుమ నాడు మా జిల్లాలో జనాన్ని కోడిపందేల దగ్గర నుంచి ఇంకో ఆటకు లాగడం ఎంత కష్టమో ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది.

అనుమతుల కథ క్లుప్తంగా చెప్పేస్తాను. ఒక కార్యాలయం వాళ్లు ఇంకో కార్యాలయానికి పంపారు, ఆ కార్యాలయం వాళ్లు మళ్లీ మొదటి చోటికే పంపారు. రెండు నెలల తర్వాత ఒక గుమాస్తా నా అర్జీ మీద మాస్టారి పేరు చూసి, "మా నాన్న ఆయన దగ్గర ఆడాడండీ" అని అరగంటలో సంతకం పెట్టించి ఇచ్చాడు. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే బస్సు చార్జీలు మిగిలేవి.

అసలు పని డిసెంబరులో మొదలైంది. కరపత్రంలో వేయడానికి ఆయన గురించి అరపేజీ రాయమన్నారు. జట్టు ఏ ఏడు ఎక్కడ గెలిచిందో తెలుసుకుందామని మాస్టారి ఇంటికి వెళ్లాను. అమ్మగారు మంచం కింద నుంచి ఇనప్పెట్టె లాగించారు. అందులో ముప్పై ఒక్క లాంగ్ నోటు పుస్తకాలు, అట్ట వెనక తేదీలు. పైన చుట్టగా చుట్టిన పాత నూలు తాడు, అక్కడక్కడ ఎర్ర గుడ్డపీలికల ముళ్లు. తాడు పక్కన పెట్టి పుస్తకాలు తెరిచాను. పొద్దు గుంకేదాకా మూయలేదు.

ఆయన రేడియో పిచ్చి మాకందరికీ తెలుసు. ఫిలిప్స్ ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని, హిందీలోనో ఇంగ్లిషులోనో వచ్చే కామెంటరీని ఎప్పటికప్పుడు తెలుగులో మాకు అప్పజెప్పేవారు. కానీ అవన్నీ రాసిపెడుతున్నారని మాకు తెలియదు. రాయడం కూడా ఎలాగంటే, లోకంలో జరిగిన ఆటకూ మా గ్రౌండులో జరిగిన ఆటకూ ఒకే వరస. ఒక పేజీలో ఇలా ఉంది: "15-3-1975. కౌలాలంపూర్. హాకీ ప్రపంచ కప్పు. భారత్ 2, పాకిస్తాన్ 1. సుర్జీత్, అశోక్ కుమార్." దాని కింద అదే సిరాతో: "17-3-1975. ఏడు బి, ఏడు ఎ మీద గెలుపు. 15-9, 15-12. బ్లాడరు పోయింది. పంపు మన సైకిలు షాపువాడిది, ఇచ్చెయ్యాలి."

1984 ఆగస్టు పుస్తకం కోసం ప్రత్యేకంగా వెతికాను. లాస్ ఏంజెలెస్‌లో నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష నూరో వంతు సెకను తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయింది. మూడో స్థానం రుమేనియా అమ్మాయిది, 55.41. ఉష 55.42. నేనప్పుడు ఆరో తరగతి. మర్నాడు ప్రార్థన అయ్యాక మాస్టారు మమ్మల్నందరినీ రెప్ప వేయమన్నారు. వేశాం. "ఆ రెప్ప పడి లేచేలోపు పదిమంది ఉషలు ఒకరి తర్వాత ఒకరు ఓడిపోవచ్చురా" అన్నారు. అంతే, వెళ్లిపోయారు. ఆ రోజంతా క్లాసులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రెప్పలు కొట్టడమే. పుస్తకంలో మాత్రం "ఉష 55.42, నాలుగు" అని ఒక్క ముక్కే ఉంది. ఆ పేజీలో ఇంకేమీ రాయలేదు. కాగితం దుబారా చేసే మనిషి కాదాయన.

1986లో సియోల్ ఆసియా క్రీడల్లో మన వాలీబాల్ జట్టు కాంస్యం తెచ్చినప్పుడు వాలీబాల్ ఆడే ప్రతివాడికీ గోలీ సోడా ఇప్పించారు. ఆడని నాక్కూడా. ఆ జట్టులో సికింద్రాబాదు రైల్వే ఉద్యోగి పి.వి. రమణ ఉన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత 2016లో రియోలో సింధు రజతం గెలిచిన రాత్రి నేను ఫోన్ చేస్తే, ఆయన బాడ్మింటన్ ఊసే ఎత్తలేదు. "రమణ కూతురురా! తల్లీ వాలీబాలే. నెట్ దగ్గర ఆ చెయ్యి లేచిన తీరు చూశావా? అది వాలీబాల్ చెయ్యి" అన్నారు. మూడో గేములో 15-21తో ఓడిన బాధ నాకు మిగిలింది గానీ ఆయన గొంతులో లేదు.

ఇంకో పేజీ ఫోటో తీసుకున్నాను. "19-9-2000. సిడ్నీ. మల్లీశ్వరి 110, 130. మొత్తం 240 కిలోలు. కాంస్యం. మన శ్రీకాకుళం పిల్ల." దాని కిందే: "రేపటి నుంచి సోమ, బుధ, శుక్ర సాయంత్రాలు కోర్టు ఆడపిల్లలది. నెట్ 2.24కు దించాలి. మగపిల్లలు గొణుగుతారు, గొణగనీ." అప్పటిదాకా మా బళ్లో ఆడపిల్లలకు రింగాట తప్ప మరోటి లేదు.

అరపేజీ రాయడానికి వెళ్లినవాడిని, ఏం రాయాలో తెలియక తిరిగొచ్చాను. మా బడి జిల్లా దాటి గెలిచింది చాలా తక్కువ. పుస్తకాల నిండా ఓటములే, కాకపోతే వివరంగా రాసిన ఓటములు. హైదరాబాదు రహీం సాబ్ అంటే ఆయనకు ప్రాణం. భారత ఫుట్‌బాల్ జట్టును 1956లో మెల్బోర్న్‌లో నాలుగో స్థానానికి, 1962లో జకార్తాలో స్వర్ణానికి తీసుకెళ్లిన శిక్షకుడు. "ఆయనా బడిపంతులేరా" అని గుర్తు చేసేవారు. తనకు జకార్తా దక్కలేదని మాత్రం ఒక్కసారి కూడా అనగా వినలేదు.

నా సంగతి కూడా ఆ పుస్తకాల్లో ఉంది. "ఉబ్బసం కుర్రాడికి స్కోరు షీటు ఇచ్చాను. చేతిరాత బాగుంది." అంతే. ఆ రోజు నాకు బాగా గుర్తు. వేపచెట్టు కింద కూర్చుని ఉంటే వచ్చి పక్కనే చతికిలబడ్డారు. అప్పటి పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలి. ఇప్పుడు ఎవరు సర్వీసు చేసినా, బంతి ఎవరి వైపు పడిందో చూసి రెండోవాళ్లకు పాయింటు ఇస్తారు. సెట్టు ఇరవై ఐదుకు. అప్పుడలా కాదు. సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వస్తుంది. ఎదుటివాళ్లు గెలిస్తే వాళ్ల చేతికి సర్వీసు మాత్రం వస్తుంది, పాయింటు రాదు. సెట్టు పదిహేనుకు. బంతి నెట్‌కు తగిలిందా, ఆ సర్వీసు పోయినట్టే. నేను పాయింట్లు గీతలు పెడుతుంటే పెన్సిలు లాక్కుని, "పాయింట్లు చూసేవాళ్లెవరైనా చెబుతారు. సర్వీసు ఎవరిదో రాసుకున్నవాడే స్కోరరు. ముందు అది రాయి" అన్నారు. ఆ తర్వాత మూడేళ్లు బడి ఆడిన ప్రతి మ్యాచికీ నేను వెళ్లాను. జోనల్ పోటీలకు రేపల్లె వెళ్తే జట్టుతోపాటు నాకూ పన్నెండో వాడిగా ఇడ్లీ పొట్లం వచ్చేది. ఉద్యోగరీత్యా ఇప్పుడు ఊళ్లోవాళ్ల ఖాతాలు చూస్తుంటాను. డబ్బు ఎంత అన్నది తర్వాత, ప్రస్తుతం ఎవరి చేతిలో ఉంది అన్నదే ముందు చూస్తాను.

భోగి ముందు రోజు కోర్టు వేయడానికి దిగాం. మా నేల నల్లరేగడి, ఎండితే బీటలు తీస్తుంది. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, తడిపి, దిమ్మిస కొట్టించాం. కొత్త టేపు కొన్నారు గానీ గీతలు మాస్టారి తాడుతోనే వేద్దామని మా లిఫ్టరు పట్టుబట్టాడు. అమ్మగారిని అడిగి తెచ్చాను.

ఆ తాడుతో గీత వేయడం మా తరానికంతా చేతికి అలవాటే. ఒక మేకు కొట్టి, ముడి తగిలించి, మూడు దగ్గర ఒకడు, నాలుగు దగ్గర ఒకడు, ఐదుది ఇద్దరి మధ్యా బిగువుగా లాగితే మూల తేలుతుంది. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద పైథాగరస్ చెప్పకముందే మాకు మోకాళ్ల మీద వంగి అది వచ్చు. మూల కుదిరాక తొమ్మిది మీటర్ల ముడి, ఆపైన పద్దెనిమిది. నాలుగు మూలలూ వచ్చాక కర్ణాలు కొలవాలి. రెండూ సమానంగా వచ్చేదాకా మాస్టారు ముగ్గు డబ్బా ముట్టుకోనిచ్చేవారు కాదు. మధ్యగీత నుంచి అటు మూడు, ఇటు మూడు మీటర్ల దగ్గర అటాక్ గీతలు. అన్నీ చేశాం. కర్ణాలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. మా లిఫ్టరు మీసం తిప్పాడు.

ఊరికే ఉండకుండా నేను టేపు పట్టాను. పద్దెనిమిది మీటర్ల కోర్టుకు రెండు కర్ణాలూ ఒక్కొక్కటి 20.12 రావాలి. 19.81 వచ్చింది. పొడవు కొలిస్తే 17.72. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ. ఒక్కో వైపు పద్నాలుగు, అర జానెడుకు కాస్త పైగా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. పక్క ఊళ్ల జట్లు మా గ్రౌండుకు వస్తే వాళ్ల షాట్లన్నీ గీతకు అర జానెడు అవతల పడేవి. "ఈ ఊళ్లో గాలే వేరు" అని వాళ్లు తిట్టుకునేవారు. మేం బయటికి వెళ్తే మా షాట్లు ముద్దుగా గీత లోపల పడేవి. మా స్మాషరు, ఇప్పుడు ఇద్దరు మనవలున్న పెద్దమనిషి, కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "కావాలనే చేశారంటావా?" అన్నాడొకడు. నాకు కోపం వచ్చింది. నెట్ తగిలిందని రెఫరీ చూడకపోయినా చెయ్యెత్తి ఒప్పుకోమని చెప్పిన మనిషాయన.

సాయంత్రం అమ్మగారిని అడిగాను. ఆవిడ ఆలోచించి, "ఉప్పెన ఏడాది ఇంట్లోకి నీళ్లొచ్చాయి కదా నాయనా. పెట్టె మూడు రోజులు నీళ్లలోనే ఉంది. తాడు చిక్కబడిపోయిందని ఆయన ఎండలో వేశారు" అన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన. నూలు నానితే కుంచించుకుపోతుంది. అంటే మా తరం పుట్టి బుద్ధెరిగాక అసలు కోర్టు మీద సొంత ఊళ్లో ఒక్కసారి కూడా ఆడలేదన్నమాట. రాత్రి పడుకున్నాక ఇంకో సంగతి తట్టింది. తాడంతా ఒకే తీరున కుంచించుకుపోయింది కాబట్టి మూడు, నాలుగు, ఐదు అదే పాళ్లలో తగ్గాయి. కోర్టు చిన్నదైంది గానీ మూల ఎప్పుడూ తప్పలేదు. లేచి లైటు వేసి కాగితం మీద లెక్క కట్టి చూసుకుని మరీ పడుకున్నాను.

పోటీ కోర్టు టేపుతో వేశాం, బయటి జట్లు వస్తాయి కాబట్టి. పాత గీతలు చెరపమని ఎవరూ అనలేదు. లోపల మసగ్గా అవీ ఉండిపోయాయి. ఉదయం ఆరు జట్లు ఇప్పటి పద్ధతిలోనే ఆడాయి. పందెం కోళ్లు ముందే తేలిపోయాయో ఏమో, మధ్యాహ్నానికి జనం బాగానే వచ్చారు.

నాలుగింటికి అసలు మ్యాచి: ఆయన తొలినాళ్ల శిష్యులు ఒకవైపు, రిటైరయ్యే ముందు తీర్చిన పిల్లలు ఒకవైపు. పాత లోపలి గీతల మీద, పాత పదిహేను పాయింట్ల పద్ధతిలో. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకవైపు కళ్లద్దాలు, బొజ్జలు, మోకాళ్లకు పట్టీలు. అవతల నలభై నిండని వాళ్లు. చిన్నవాళ్లకు పద్ధతి అర్థమయ్యేసరికి అరగంట పట్టింది. బంతి నేలకు కొట్టి చేతులెత్తి గంతేస్తారు, నేను గీత పెట్టను. "పాయింటు వచ్చిందిగా అన్నా?" "రాలేదు, సర్వీసు వచ్చింది." పావుగంట సేపు నాలుగు నాలుగు దగ్గరే సర్వీసు అటూ ఇటూ మారింది. చుట్టూ ఉన్న కుర్రాళ్లు విసుక్కోబోయి మళ్లీ ఆగారు. పాయింటు రాకపోయినా బంతి కోసం పొర్లాడే యాభై ఏళ్లవాళ్లను వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. మొదటి సెట్టు పెద్దవాళ్లది, 15-11. రెండోది చిన్నవాళ్లది, 15-13. మూడోది పదకొండు పదకొండు దగ్గరుండగా రేపల్లె రైలు కూత వినిపించింది.

ఎవరూ చెప్పకుండానే మా లిఫ్టరు బంతి చంకన పెట్టుకుని నిలబడిపోయాడు. రైలు కూస్తే ఆట ఆపడం మాస్టారి కట్టడి. ఆ తర్వాత బంతి కనబడక మొహాలు పగులుతాయని ఆయన భయం. దీపాలు అద్దెకు తెద్దామని ఒకరిద్దరన్నారు గానీ చెప్పులు వెతుక్కోవడం అప్పటికే మొదలైంది. నేను షీటు మీద "వెలుతురు లేక ఆట ఆపడమైనది. సెట్లు 1-1, మూడో సెట్టు 11-11" అని రాసి సంతకం పెట్టాను. చేతిరాత బాగానే వచ్చింది.

మర్నాడు ఆ కాగితం ఇనప్పెట్టెలో పెట్టిద్దామని అమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. తాడు కూడా చుట్టి తెచ్చాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని, పై నుంచి కిందికి నిదానంగా చదివారు. ముప్పై ఏళ్లు అన్నం వడ్డిస్తూ అవే మాటలు విన్న మనిషి.

"సర్వీసు ఎవరిది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. గడి ఖాళీ. అక్కడే నిలబడి మా లిఫ్టరుకు ఫోన్ చేశాను. "మనదేరా, బంతి నా చంకలోనే కదా ఉంది" అన్నాడు. చిన్నవాళ్ల కెప్టెన్‌కు చేస్తే, "అన్నా, ఆయన మాకు విసరబోతూ ఆగిపోయాడు, సర్వీసు మాది" అన్నాడు.

అమ్మగారు కాగితం పెట్టెలో పెట్టలేదు. మడతపెట్టి మళ్లీ నా చేతికే ఇచ్చారు.

"తేలాక పట్టుకురా నాయనా."